మధ్యాహ్నపు కోత

సదాపాకు చేను పూతకి వచ్చిన రోజుల్లో అక్క ఇంట్లో తిండికి రుచి ఉండదు. ఎంత సబ్బు పెట్టి తోమినా వేళ్ళ సందుల్లో వాసన ఉండిపోతుంది. ముద్ద నోటిదాకా వచ్చేసరికి ముందు ఆకు తగులుతుంది, ఆ తర్వాతే అన్నం. చూడ్డానికి మాత్రం ముచ్చటైన మొక్క. నడుం దాకా పెరిగే పొద, నీలం కలిసిన పచ్చటి బుల్లి బుల్లి ఆకులు, కొసల్లో గుత్తులుగా పసుపు పూలు. నిమ్మకీ నారింజకీ దగ్గరి చుట్టమని మేనేజరు ఒకసారి చెబితే కోత ఆడవాళ్ళు నవ్వారు. చుట్టమైతే ఒక పండైనా పెట్టాలి కదా అంది ఒకావిడ. తినే పండేమీ లేదు గానీ, ఆకుని ఆవిరి మీద ఉడికించి తీసే నూనె ఉంది. సెంట్లలోకి చుక్కగా, పురుగుల మందుల్లోకి చెంచాగా వెళ్తుందట. కోతకొచ్చే ఆడవాళ్ళు రాలిన రెమ్మలు ఏరుకుపోయి, ఎండబెట్టి బట్టల మధ్య పెట్టుకుంటారు, పురుగు చేరదని. కోళ్ళున్నవాళ్ళు గూట్లో పరుస్తారు, పేలు పట్టవని.

చేలో అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. మొక్కలు నాటిన నాటి నుంచీ ఉన్న మనిషి. కొమ్మ ముక్కలు ఇసకలో గుచ్చి వేళ్ళు పట్టించిన చేతులు ఆమెవి. నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుందని వానకి ముందు కాలవలు తీసే గుంపులోనూ ఆమే ముందుండేది. ముదురు కట్టె జోలికి పోకుండా దాని పైన లేత కొమ్మనే కోయాలని కొత్తవాళ్ళకి పక్కన నిలబడి చూపించేది.

ఇన్నేళ్ళూ కోత పొద్దుటి పూటే. వెలుతురు రాగానే దిగి, ఎండ ముదరకముందే కొడవళ్ళు కడిగేసేవాళ్ళు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, అలా జరిగిపోతోంది, అంతే. ఈ పూతకి మేనేజరు పద్ధతి మార్చాడు. నడి మధ్యాహ్నం కోసిన ఆకులో నూనె ఎక్కువ దిగుతోందని, ఆకు ఉడికించే బట్టీ దగ్గర తేలిందట. ఆ కబురు మేస్త్రీ పట్టుకొచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నల్ల గొడుగు వదలని మనిషి కాబట్టి వెనకాల అందరూ అతన్ని గొడుగాయన అంటారు. గొడుగు కింద నిలబడే చెప్పాడు, రేపటి నుంచి భోజనాలు ముందే కానిచ్చి, ఎండ నడినెత్తికి రాగానే సాళ్ళలోకి దిగాలని.

"ఎండలో ఇది కరుస్తుంది మేస్త్రీ" అంది అక్క.

"కరవడానికి దానికి పళ్ళున్నాయేంటమ్మా?" అన్నాడు గొడుగాయన.

నలుగురూ నవ్వారు. అక్కకీ నవ్వొచ్చింది.

అక్క సొంత చెల్లెలు చేలోకి వచ్చింది ఆ మర్నాడే. నిజానికి ఇది ఆమె పని కాదు. పెద్దవీధిలో బేకరీ ఆవిడ ఆమెకి మాటిచ్చింది, ఇంకో రెండు వారాల్లో పనిలోకి రమ్మని. పిండి కలపడం, రొట్టెలు చుట్టడం, రద్దీ వేళ కౌంటరు దగ్గర నిలబడడం. ఆ పిల్ల ఇంట్లో గిన్నెడు పిండి కలిపి కలిపి, అది వేళ్ళకి అంటుకోకుండా వచ్చేదాకా సాధన చేసింది. అక్కావాళ్ళది ఒకటే గది, మధ్యలో పరదా. పరదాకి అవతల చెల్లెలి పక్క. బావ బట్టీలో బాయిలరు దగ్గర పనిచేస్తాడు. ఇంటికి రాగానే, రొట్టెల దొరసాని గారు ఇవాళేమైనా కాల్చారా, మా పళ్ళు గట్టివే, పెట్టండి అంటూ మరదల్ని ఆటపట్టించేవాడు. అందాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం దేనికని ఆమె కొడవలి పట్టుకుని అక్క వెంట బయలుదేరింది.

ఎండ సెగలు కక్కుతోంది. అక్క తన పాత పొడుగు చేతుల చొక్కా ఒకటి చెల్లెలికి తొడిగింది. కొంతసేపటికి చూస్తే ఆ చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. దించుకోమని చెప్పింది. మళ్ళీ చూస్తే మళ్ళీ మడిచి ఉన్నాయి. "ఈ ఉక్కకి చచ్చిపోయేలా ఉన్నానక్కా, ఉండనీ" అంది చెల్లెలు. కోసిన రెమ్మల్ని రెండు చేతులా వాటేసుకుని, పసిబిడ్డని మోసినట్టు గట్టు దాకా మోసుకుపోయింది. దారిలో చెమట పడితే అదే చేత్తో మెడ తుడుచుకుంది. సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుని అటూ ఇటూ తిప్పి చూపించింది, ఎక్కడా ఏమీ లేదని.

ఆ మొక్క అప్పటికప్పుడు ఏమీ చెయ్యదు. మర్నాడంతా చర్మం కింద చురచుర మాత్రమే ఉంది. ఆ పై రోజు పొద్దున చెల్లెలు పరదా తీసుకుని వచ్చి, చేతులు ముందుకు చాపింది. రెమ్మలు ఎక్కడెక్కడ ఆనాయో అక్కడల్లా ఎర్రటి చారలు, వాత పెట్టినట్టు. మెడ మీద నాలుగు వేళ్ళ అచ్చు. మధ్యాహ్నానికి చారలు ఉబ్బి బొబ్బలయ్యాయి. కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి ముంజేతి మీద నీటితిత్తుల్లా వేలాడాయి. దుప్పటి అంచు తగిలినా ఆమె పళ్ళు బిగబట్టేది.

ఆఫీసు పక్క గదిలో కంపౌండరు ఉంటాడు. వేడినూనె మీద పడిందా అని అడిగాడు. కాదు, సదాపాకు అంది అక్క. అతను తలెత్తి గుమ్మం వైపు చూశాడు. అక్కడ గొడుగాయన గొడుగు ముడుస్తూ నిలబడ్డాడు. అంతమంది కోస్తుంటే ఈ అమ్మాయికే ఎందుకైందని, లోపల ముందే ఏదో చర్మపు జబ్బు ఉండి ఉంటుందని, ఎండ తగిలి బయటపడిందని గొడుగాయన తాపీగా చెప్పాడు. కంపౌండరు తల ఊపి, ఒక తెల్లటి పూతమందు ఇచ్చి పంపేశాడు.

ఇక ఆ మాటే నిలబడిపోయింది. సాయంత్రం కుళాయి దగ్గర పక్కింటావిడ తన బిందెని కాస్త దూరంగా జరిపింది. జరిపి, అక్క చూసిందని తెలిసి, నీళ్ళు కారుతున్నాయని అంది.

చేరమన్న రోజుకి బొబ్బలు చితికి, చర్మం ఊడి, ఆ చోటల్లా మట్టిరంగు తిరిగింది. చెల్లెలు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుంది. మెడకి పలచటి గుడ్డ చుట్టుకుంది. అక్క తోడు వెళ్ళింది. బేకరీలో అద్దాల అరల్లో రొట్టెలు వరసగా ఉన్నాయి. లోపల పొయ్యి వేడి, గాల్లో పిండి. బేకరీ ఆవిడ పెద్ద ఒళ్ళు మనిషి, నవ్వితే భుజాలు కదులుతాయి. కొత్త ఏప్రను మడత విప్పుతూ, ముందు చేతులు కడుక్కో, ఇక్కడ ఎవరైనా అక్కడి నుంచే మొదలు అని సింకు చూపించింది.

చెల్లెలు సింకు ముందు నిలబడింది. కుళాయి తిప్పింది. నీళ్ళు పోతున్నాయి. గుండీలు విప్పలేదు. పిండి మోచేతుల దాకా అంటుతుంది, పైకి లాక్కోమ్మా అంది బేకరీ ఆవిడ. అప్పుడు విప్పింది.

ఆవిడ ఆ చేతులు చూసింది. ఏప్రను మళ్ళీ మడత పెట్టుకుంది, అంచుకి అంచు కలిపి, జాగ్రత్తగా. అక్క గబగబా చెప్పుకుపోయింది, ఇది ఆకు వల్ల అయ్యిందని, అంటుకునేది కాదని, మచ్చలు మెల్లగా పోతాయని. ఆవిడ వింది.

"నువ్వు చెబితే నేను నమ్మగలనమ్మా. కొనడానికి వచ్చేవాళ్ళకి నేనేం చెప్పను? డాక్టరో, మీ మేనేజరో ఒక్క మాట అననీ, వాళ్ళు అన్నారని నేను చెప్పుకుంటాను. అందాకా ఈ చోటు ఉంచుతాను. ఎన్నాళ్ళో ఉంచలేను సుమా."

వచ్చేటప్పుడు ఒక రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది. దాన్ని చెల్లెలి చేతికి అందించకుండా అక్క చేతికి అందించింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ దారి పొడుగునా ఎత్తలేదు. ఇంట్లో బావ ఆ రొట్టె తుంచి తిన్నాడు. ఏ హాస్యమూ ఆడలేదు.

మేనేజరు గదికి అక్క ఎప్పుడూ వెళ్ళలేదు. అతను మర్యాదస్థుడు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆమె అంచు మీద కూర్చుంది. కిటికీకి మందపు పరదా, పైన ఫ్యాను. బల్ల మీద ఒక పళ్ళెంలో ఆ పొద్దుట తెచ్చిన సదాపాకు రెమ్మలు. ఆమె చెప్పదలుచుకున్నది దారిలో చాలాసార్లు అనుకుంటూ వచ్చింది, అయినా సగం తడబడింది. చెల్లెలి చేతులు ఆకు వల్ల కాలాయని, బేకరీ ఆవిడకి ఫోనులో ఒక్క మాట చెబితే చాలని, అంతకుమించి తనకేమీ అక్కర్లేదని అంది.

మేనేజరు పళ్ళెంలోంచి ఒక రెమ్మ తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు. చొక్కా చెయ్యి పైకి లాక్కుని, ఆ పసరుని తన ముంజేతి మీద రుద్దుకున్నాడు. గదంతా వాసన కమ్ముకుంది.

"చూడమ్మా. నేను రోజూ ముట్టుకుంటాను. నాకేమైనా అయ్యిందా?"

"ఆ చెయ్యితో అలాగే వచ్చి ఎండలో నిలబడండి సార్."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. గొంతు కూడా పెంచలేదు. మేనేజరు చిన్నగా నవ్వాడు. ఎండలో నిలబడితే ఎవరికైనా కాలుతుందన్నాడు, ఎండ తప్పు ఆకు మీదికి తోస్తే ఎలా అన్నాడు. అంటూనే లేచి గది మూలనున్న వాష్‌బేసిను దగ్గరికి వెళ్ళాడు. సబ్బు తీసుకున్నాడు. మోచేతి దాకా నురగ పట్టించి రుద్దాడు, వేళ్ళ సందులు రుద్దాడు, గోళ్ళ కింద రుద్దాడు. కడిగి, మళ్ళీ సబ్బు పెట్టాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. ఆకు కాలుస్తుందని ఒకసారి తన నోటితో వస్తే కొనేవాళ్ళ దాకా వెళ్తుందని, రేపు ఎవరి ఒంటి మీద ఏ మచ్చ వచ్చినా దీనికే చుడతారని, చేను మూతపడితే అందరి బతుకులూ వీధిన పడతాయని చెప్పాడు. అక్క వినడం మానేసింది. ఆ నురగనే చూస్తూ కూర్చుంది. ఈయనకి తెలియక కాదు. తెలియనివాళ్ళకైతే ఏదో ఒకనాడు తెలియజెప్పవచ్చు.

తువ్వాలుతో చెయ్యి ఒత్తుకుంటూ, బాధలో ఉన్నావు, ఇవాళ్టికి ఇంటికి వెళ్ళి పడుకో అన్నాడు మేనేజరు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. కోత ముగించి గట్టు మీద రేకుల షెడ్డులో అలసట తీర్చుకుంటున్న ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ ఏమీ అడగకముందే, మేనేజరు చెయ్యి కడుక్కున్న తీరు చెప్పింది. కాసేపటికి ఒకావిడ, వయసు మళ్ళిన మనిషి, కాలి మీది చీర అంచు పైకి లాగింది. పిక్క మీద అరచేతి వెడల్పున కాలిన మచ్చ. జబ్బని పనిలోంచి ఎక్కడ పంపేస్తారోనని దాచానంది. ఆవిడ చూపించాక ఇంకొకావిడ మణికట్టు చూపించింది. మరొకావిడ మోకాలు. గడ్డం కింద పెసరగింజంత మచ్చ ఉన్న పడుచు పిల్ల ఏడ్చేసింది. రేపు ఎండ వాలేదాకా చేలో దిగొద్దని అనుకున్నారు. ఎవరు ముందు అన్నారో తెలియదు, అందరూ తల ఊపారు. అందరినీ ఒకేసారి పంపలేరు కదా అన్నారు.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర అక్క ఎక్కువసేపే నిలబడింది. ఒంట్లో ఏదో తేలికగా ఉంది. ఇంటికొచ్చి బిందె దించుతూ జరిగింది చెప్పింది. బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బట్టీ చల్లారితే నా సంగతేంటి అని మాత్రం అన్నాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. చెల్లెలు పరదా పక్కన కూర్చుని మందు పూసుకుంటోంది. నువ్వేమంటావే అని అక్క అడిగితే, నేనేమంటాను, నాకేం తెలుసు అంది. ఆ రాత్రి ముగ్గురూ పెద్దగా తినలేదు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చింది. కొడవళ్ళు పక్కన పెట్టుకుని ఆడవాళ్ళంతా షెడ్డులో కూర్చున్నారు. సాళ్ళలో తేనెటీగల రొద తప్ప అలికిడి లేదు. గొడుగాయన వచ్చాడు. మొదట కసిరాడు, తర్వాత నవ్వించబోయాడు, ఆ తర్వాత నా ఉద్యోగం కూడా చూడండమ్మా అని బతిమాలాడు. ఎవరూ కదలకపోయేసరికి వెళ్ళిపోయాడు. వెళ్ళిన కాసేపటిదాకా అందరూ బిగదీసుకుని కూర్చుని, ఆ తర్వాత ఒక్కసారిగా మాటల్లో పడ్డారు. మోకాలి మచ్చావిడ అతని నడక నడిచి చూపించింది. పడుచు పిల్ల నవ్వింది. ఇంతమంది ఒకచోట ఊరికే కూర్చోవడం ఈ చేలో ఎప్పుడూ లేదనుకుంది అక్క. మేనేజరు వస్తే ఏమనాలో మనసులో కూడబలుక్కుంది. ఈసారి తడబడకూడదనుకుంది.

మేనేజరు రాలేదు. గొడుగాయనే తిరిగి వచ్చాడు. గొడుగు పక్కకి వంచి పట్టుకున్నాడు. దాని నీడలో ఇంకో మనిషి నడిచి వస్తోంది. దగ్గరికొచ్చేదాకా అక్క పోల్చుకోలేదు, ఎందుకంటే ఆ నీడలో తన చెల్లెలు ఉంటుందని ఆమె అనుకోలేదు.

చెల్లెలు షెడ్డు అంచు దగ్గర ఆగింది. చేతులకి మణికట్టు దాకా గుడ్డ చుట్టుకుని ఉంది. ఒక కొడవలి తెచ్చుకుంది.

"ఇక్కడికెందుకొచ్చావు?" అంది అక్క.

"నిన్న నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు మేస్త్రీ ఇంటికొచ్చాడక్కా. కోతల తర్వాత కూడా ఉంచుకుంటామన్నాడు. బావ పనికి కూడా ఏ ఇబ్బందీ ఉండదన్నాడు."

"నీ చేతులు చూసుకున్నావా నువ్వు?"

చెల్లెలు చూసుకుంది, నిజంగానే, గుడ్డ వైపు ఒకసారి.

"బేకరీ ఆవిడ చేతులు చూసి వద్దంది. వీళ్ళు చేతులు చూసి కూడా రమ్మంటున్నారు. నేనేం చెయ్యనక్కా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే అక్క బదులు చెప్పగలిగేదేమో. మేనేజరు కోసం దాచుకున్న మాటలు నోటి దగ్గర ఉన్నాయి గానీ అవి చెల్లెలికి చెప్పేవి కావు. బేకరీ ఆవిడ చోటు ఇంకా ఉంచిందేమో అనబోయింది. ఎవరు చెబితే ఇస్తుంది అని చెల్లెలు అడుగుతుంది. ఇంట్లో కూర్చో, నేను చూసుకుంటాను అనబోయింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి వీపు కళ్ళ ముందు కదిలింది.

చెల్లెలు గొడుగు నీడ దాటి సాలులోకి దిగింది. వంగింది. కొడవలి ఎక్కడ పెట్టాలో అక్క ఎలా చూపించిందో అలాగే పెట్టింది. రెమ్మ తెగిన చప్పుడు షెడ్డు దాకా వినిపించింది. మొదటి పొదకే చేతి గుడ్డ ఒకటి జారి, మట్టిరంగు చర్మం ఎండలో బయటపడింది. ఆమె దాన్ని సర్దుకోలేదు.

గొడుగాయన ఎవరినీ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా పోయింది. షెడ్డులో అందరూ ఆ వంగిన వీపునే చూస్తున్నారు, అక్క మొహం వైపు మాత్రం ఎవరూ చూడడం లేదు. చివరికి మోకాలి మచ్చావిడ చేతులు నేల మీద ఆనించి లేచింది.

"కాలిన పిల్లే దిగితే, ఇంకెవరి కోసం కూర్చోవాలక్కా మనం?" అంది. వెక్కిరింపుగా అనలేదు.

ఆవిడ వెనక ఇంకొకావిడ లేచింది. తలగుడ్డలు బిగించుకున్నారు, చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. పడుచు పిల్ల గడ్డం కింద మచ్చ కనపడకుండా గుడ్డ చుట్టుకుంది. ఒక్కొక్కరే ఎండలోకి దిగి, ఎవరి సాలు వాళ్ళు అందుకున్నారు. కాసేపట్లో పసుపు పూల మధ్య వీపులు తప్ప మనుషులు కనిపించలేదు. వాటిలో చెల్లెలిది ఏదో పోల్చడం కష్టమైంది. తెగిన ఆకు వాసన వేడి గాలితో కలిసి షెడ్డులోకి కొట్టింది.

అక్క కూర్చునే ఉంది. తనూ లేస్తే చెల్లెలి పక్క సాలు పట్టవచ్చు. లేవకపోతే ఇక్కడ ఒక్కతే. రెండింటిలో ఏది చేసినా అవతల బట్టీలో ఆవిరి లేస్తుంది, సాయంత్రానికి నూనె దిగుతుంది. అది తెలిసిపోయాక శరీరం కదలడం మానేసినట్టుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వాటిని ఎవరివో చూసినట్టు చూసింది.

పిక్క మీద మచ్చ ఉన్న ముసలావిడ అందరికంటే వెనక పడింది. సాలు దాకా వెళ్ళి, తన కొడవలి పిడి ఊడిపోతోందని తిరిగి వచ్చింది. షెడ్డు బయటే, ఎండలో నిలబడి, కాసేపు అడగాలా వద్దా అని తటపటాయించింది.

"నువ్వు దిగకపోతే, నీది ఇస్తావా అక్కా?"

అక్క పక్కన పెట్టుకున్న కొడవలి తీసింది. అంచుకి ఎండి అంటిన పాత పసరుని గుడ్డతో తుడిచింది. వాదర తన వైపు పెట్టుకుని, పిడి అటు తిప్పి ఇచ్చింది.